జిరాక్స్ అక్క మాట: ఏ సబ్జెక్టుకు ఎట్లాంటి నోట్సు

సెమిస్టర్ పరీక్షలు ఇంకో పది రోజులున్నాయనగా నా షాపు ముందు లైను మొదలవుతుంది. మర్రిగూడ, చండూరు, మునుగోడు, కట్టంగూరు నుంచి బస్‌పాసు మీద నల్లగొండకు వచ్చి డిగ్రీ చదివే పిల్లలే ఎక్కువ. సంచిలోంచి ఒక లాంగ్‌బుక్ తీసి, "అక్కా, మొదటి నుంచి చివరిదాక రెండు సెట్లు, బ్యాక్ టు బ్యాక్ తియ్యి" అంటారు. ఆ లాంగ్‌బుక్ వాళ్లది కాదు. క్లాసులో ముందు బెంచీలో కూర్చొని మంచిగ రాసే ఎవరో అమ్మాయిది. ఒక్క నోట్సు, నలభై మంది చేతులు మారుతుంది.

పదమూడేళ్లుగా ఇదే నా పని. బీకాం, బీఎస్సీ, హిస్టరీ, తెలుగు, మ్యాథ్స్ అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. అద్దం మీద పేజీ బోర్లించే లోపు ఒక చూపు చూసుకోవడం అలవాటైంది. ఏ నోట్సు రాసిన పిల్ల పీజీలో సీటొచ్చిందని స్వీటు డబ్బా పట్టుకొస్తుందో, ఏ నోట్సు తీసుకుపోయిన పిల్లవాడు సప్లీ ఫీజు రసీదు జిరాక్స్ కోసం మళ్లీ వస్తాడో కూడా చూశాను. అట్లా తెలిసిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. అన్నిటికన్నా ముఖ్యమైనది ముందే చెప్తా: నోట్సులో మీకు ఎక్కడ అర్థం కాలేదో అది కనిపించాలి. వేరేవాళ్ల నోట్సులో వాళ్లకు అర్థం కానిదే ఉంటుంది, మీది ఉండదు.

ఇది నా మీదికి వచ్చి నేర్చుకున్నదే. బీకాం రెండో సంవత్సరంలో కాస్ట్ అకౌంటింగ్‌కు క్లాస్ టాపర్ నోట్సు నూట నలభై పేజీలు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి, ఇంట్లో అల్మారాలో పెట్టుకున్నా. అది ఇంట్లో ఉందన్న ధైర్యంతోనే నెలరోజులు గడిచిపోయాయి. పరీక్ష హాల్లో ఆమె చేతిరాత, ఎర్ర గీతలు, పేజీలో ఏ మూల ఏముందో అన్నీ కళ్ల ముందు కనిపించాయి. లెక్క మాత్రం మూడో లైను దగ్గర ఆగిపోయింది. ఆ లైను ఎట్లా వచ్చిందో ఆమె రాయలేదు, ఎందుకంటే ఆమెకు అది తెలుసు. ఆ పేపరు తప్పాను. మా నాయన ఏమీ అనలేదు, సప్లీ ఫీజు చేతిలో పెట్టాడు. అది ఇంకా గుర్తుంది.

క్లాసులో రాసేటప్పుడు

సారు చెప్పిన ప్రతి మాటా రాయాలని చూడకండి, చెయ్యి నొస్తుంది, చెవి మూసుకుపోతుంది. పేజీకి ఎడమ పక్క నాలుగు వేళ్ల వెడల్పు గీత కొట్టి ఖాళీ వదలండి. కింద ఐదారు లైన్లు కూడా వదలండి. మిగిలిన చోట మాత్రమే క్లాసులో విన్నది రాయాలి. అర్థం కాని చోట ఆగిపోవద్దు. అక్కడ పెద్దగా ఒక ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు పోండి.

అదే రోజు సాయంత్రం, బస్సులో సీటు దొరికితే బస్సులోనే, ఆ ఎడమ ఖాళీలో ప్రశ్నలు రాయండి. కుడి పక్కన ఉన్నది దేనికి జవాబో ఆ ప్రశ్న. కింది ఖాళీలో పేజీ మొత్తాన్ని ఇంట్లో చెల్లెకు చెప్పినట్టు రెండు మూడు వాక్యాల్లో రాయండి. దీన్ని కార్నెల్ నోట్సు అంటారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ దీనికి ప్రచారం తెచ్చారు. అదే రోజు అని ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, చదివింది మర్చిపోవడం మొదటి గంటల్లోనే ఎక్కువ, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లోనే ఈ సంగతి రాశాడు. ఆదివారం కూర్చొని వారం నోట్సు అంతా సరిచేస్తానంటే, అప్పటికి ఆ ప్రశ్న గుర్తు ఎందుకు పెట్టారో మీకే తెలియదు.

చదివేటప్పుడు కుడి పక్కను అట్టముక్కతో మూసి, ఎడమ పక్క ప్రశ్న చూసి జవాబు పైకి చెప్పాలి. చెప్పలేకపోతేనే అట్ట తియ్యాలి.

రఫ్ నోటును మళ్లీ అందంగా ఫెయిర్ నోటులోకి ఎక్కించే పని మాత్రం మానేయండి. ఆ గంటలో చెయ్యి పనిచేస్తుంది గానీ మనసు ఎక్కడో ఉంటుంది. ల్యాబ్ రికార్డు వేరు, దానికి మార్కులుంటాయి కాబట్టి అది నీట్‌గానే ఉండాలి.

హిస్టరీ

హిస్టరీ నోట్సుల్లో ఎక్కువగా కనిపించేది తేదీల జాబితా. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ, 1946 జూలై 4 కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం, 1948 సెప్టెంబర్ 17, 1951 ఏప్రిల్ 18 పోచంపల్లి. అన్నీ సరైనవే. కానీ "తెలంగాణ సాయుధ పోరాటానికీ భూదానానికీ సంబంధమేమిటి" అని అడిగితే జాబితాలో జవాబు దొరకదు.

నకిరేకల్ నుంచి వచ్చే ఒకమ్మాయి నోట్సు చూసి నేను మిషన్ ఆపి మరీ చదివాను. పేజీని అడ్డంగా తిప్పి, సంవత్సరాల మధ్య బాణాలు గీసింది. ప్రతి బాణం మీద ఒక చిన్న వాక్యం. భువనగిరి నుంచి కడవెండికి పోయే బాణం మీద "సంఘం ఊళ్లకు చేరింది, జనం వెట్టి చెయ్యబోమన్నారు" అని ఉంది. కడవెండి నుంచి పోచంపల్లికి పోయే బాణం మీద "దున్నేవాడికి భూమి అన్న ప్రశ్న తేలలేదు" అని రాసింది. పోచంపల్లి దగ్గర ఇంకా విడమరిచింది: శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం తర్వాత వినోబా భావే నడుచుకుంటూ వచ్చారు, ఊళ్లో దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు అడిగాయి, వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అట్లా మొదలైంది. ఇక్కడ ఆమె తేదీలను మోయడం లేదు. బాణాలు గుర్తుంటే తేదీలు వాటి వెంట వస్తాయి.

అందుకే హిస్టరీకి ఏ రెండు సంఘటనల మధ్యనైనా "అందుకని" గానీ "అయినా" గానీ పెట్టి వాక్యం రాయండి. ఏ మాట పెట్టాలో తెలియకపోతే ఆ పాఠం మీకు ఇంకా రాలేదన్నట్టే.

కెమిస్ట్రీ

మన జిల్లా పిల్లలకు కెమిస్ట్రీ ఇంటి నుంచే మొదలవుతుంది. మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుము వంగినవాళ్లు మనందరికీ తెలుసు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ నీటిని బాగుచెయ్యడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అదే నీరి, తయారుచేసిన పద్ధతికి పేరే నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి, తేరుకోనివ్వాలి, వడపోయాలి.

ఇది చాలామంది నోట్సుల్లో ఒకటి, రెండు, మూడు అని వరసగా ఉంటుంది. వరస మర్చిపోతే అంతా పోయినట్టే. దాని బదులు పేజీని రెండుగా చేసి, ఎడమ పక్క ఏం వేస్తామో, కుడి పక్క "ఇది వెయ్యకపోతే ఏమైతది?" అని రాయండి. పటిక వెయ్యకపోతే తెల్లటి మెత్తటి ముద్ద కట్టదు, ఫ్లోరైడ్ దేనికీ అంటుకోక నీళ్లలోనే ఉండిపోతుంది. సున్నం వెయ్యకపోతే పటిక వల్ల నీళ్లు ఆమ్లం వైపు పోయి ఆ ముద్ద సరిగ్గా కట్టదు. బ్లీచింగ్ పౌడర్ లేకపోతే క్రిములు మిగులుతాయి. తేరుకోకముందే ముంచుకుంటే ఫ్లోరైడ్ పట్టిన ముద్దతో సహా గ్లాసులోకి వస్తుంది. ఇట్లా నాలుగు లైన్లు రాసినవాళ్లకు వరస దానంతటదే వస్తుంది.

ఆర్గానిక్ చర్యలకూ ఇదే కుడి పక్క ప్రశ్న పనికొస్తుంది. ఈ కారకం బదులు ఇంకోటి వేస్తే ఏం వస్తుందో రాయండి. ఒకే పదార్థం నుంచి వేర్వేరు కారకాలతో వచ్చేవన్నీ ఒకే పేజీలో, మధ్యలో ఆ పదార్థం, చుట్టూ గీతలు. పరీక్షలో మార్పిడులు అడిగినప్పుడు ఆ పేజీయే కళ్లలో మెదులుతుంది.

కామర్స్

ఇది నా సబ్జెక్టు, ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా. అకౌంట్స్‌కు థియరీ నోట్సు సన్నగా ఉండాలి, తప్పుల నోటు లావుగా ఉండాలి. తప్పుల నోటు అంటే, మీరు లెక్క చేసి తప్పినప్పుడల్లా ఎక్కడ తప్పారో ఒక్క లైను రాసుకునే వంద పేజీల చిన్న పుస్తకం. పూర్తి లెక్క అందులో రాయొద్దు.

ఉదాహరణకు చెల్లించవలసిన అద్దె. నా షాపు అద్దె నెలకు నాలుగు వేలు అనుకోండి. పదకొండు నెలలది కట్టాను, ఒక నెలది బాకీ. అంకణాలో, అంటే ట్రయల్ బ్యాలెన్స్‌లో, అద్దె 44,000 ఉంటుంది. బాకీ 4,000 కింద సర్దుబాట్లలో ఇస్తారు. అప్పుడు అది రెండు చోట్ల పడాలి. లాభనష్టాల ఖాతాలో అద్దెకు కలిపితే 48,000, ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు 4,000. అదే బాకీ అంకణా లోపలే ఇస్తే, అద్దెలో అప్పటికే కలిసిపోయింది కాబట్టి అప్పుల వైపు ఒక్కచోటే చూపాలి. సగం మంది పిల్లలు ఇక్కడే జారిపోతారు. తప్పుల నోటులో నేను రాసుకున్న లైను ఇది: "లోపల ఉంటే ఒకసారి, బయట ఉంటే రెండుసార్లు. నేను బయట ఉన్నది ఒకసారే వేశాను." రెండో వాక్యమే ముఖ్యం. ఎప్పుడు తప్పామో అది గుర్తుచేస్తుంది.

తరుగుదలకు కూడా మీ ఇంట్లో, మీ వీధిలో ఉన్న వస్తువు పెట్టి లెక్క చేసుకోండి. నేను నా మిషన్ పెట్టుకుంటా. ఎనభై వేల మిషన్, పది శాతం. స్థిర వాయిదాల పద్ధతిలో ఏటా 8,000 చొప్పున పోతుంది. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో మొదటి ఏడు 8,000, మిగిలింది 72,000. రెండో ఏడు 7,200, మిగిలింది 64,800. ఈ రెండు వరసలు పక్కపక్కన రాసి చూస్తే, రెండింటికీ తేడా ఏమిటన్న ఐదు మార్కుల ప్రశ్నకు జవాబు అంకెల్లోనే కనిపిస్తుంది.

బాటనీ, జువాలజీ

బొమ్మల సబ్జెక్టులకు జిరాక్స్ మిషన్ నిజంగా పనికొస్తుంది. మీరు గీసిన బొమ్మనే, వేరేవాళ్లది వద్దు, ఒక కాపీ తీయించండి. ఆ కాపీ మీద భాగాల పేర్లన్నీ వైట్‌నర్‌తో పూయండి, గీతలు మాత్రం ఉంచండి. వైట్‌నర్ బాగా ఆరనివ్వాలి, లేకపోతే అద్దానికి అంటుకుంటుంది. ఆరినాక దాన్ని ఐదు కాపీలు తీయించండి. ఇప్పుడు మీ దగ్గర పేర్లు లేని కప్ప గుండె ఐదు కాగితాలున్నాయి. ఈరోజు ఒకటి నింపండి, రేపు ఒకటి, మూడు రోజులాగి ఒకటి, వారానికి ఒకటి, పరీక్ష ముందు ఆఖరుది. ప్రతిసారీ తప్పిన పేరు మాత్రం ఎర్ర పెన్నుతో రాయండి. ఐదు కాగితాలు పక్కపక్కన పెడితే, ఎర్రగా మళ్లీ మళ్లీ వచ్చిన రెండు మూడు పేర్లే మీరు నిజంగా చదవాల్సినవి.

ఒక తమ్ముడు ఇట్లా చేసి, చివరికి అన్ని కాగితాల్లోనూ ఒకే పేరు తప్పాడు. "అక్కా, గది ఒక్కటే పట్టుకుంటలేదు" అని అరచేతిలో రాసుకొని తిరిగాడు. పరీక్షకు ముందురోజు చెరిపేసి వచ్చి నాకు చూపించి పోయాడు.

బొమ్మ పక్కనే ఆ భాగం చేసే పని రాయండి. పేరొకచోట, పనొకచోట ఉంటే రెండూ కలవవు.

మ్యాథ్స్

మ్యాథ్స్ నేను చదవలేదు. కానీ మ్యాథ్స్ పిల్లల్లో బాగా వచ్చినవాళ్ల పుస్తకాల్లో ఒక సంగతి చూశాను: సిద్ధాంతం పక్కన, అది పనిచేయని ఉదాహరణ కూడా ఉంటుంది. అదేమిటని ఒక అబ్బాయిని అడిగితే ఓపికగా చెప్పాడు. రోల్ సిద్ధాంతంలో మూడు షరతులున్నాయి. ప్రమేయం సంవృత అంతరంలో, అంటే రెండు చివర్లతో సహా, అవిచ్ఛిన్నం కావాలి, అంటే గీత ఎక్కడా తెగకూడదు. లోపల అంతటా అవకలనీయం కావాలి, అంటే ప్రతి చోటా వాలు చెప్పగలగాలి. రెండు చివర్లలో విలువ ఒకటే కావాలి. అప్పుడు మధ్యలో ఎక్కడో వాలు సున్నా అవుతుంది. అతను పక్కన మాడ్యులస్ ఎక్స్ గీశాడు, మైనస్ ఒకటి నుంచి ఒకటి దాకా. రెండు చివర్లా విలువ ఒకటే, ఎక్కడా తెగలేదు, కానీ సున్నా దగ్గర మొన ఉంది. ఎడమ పక్క వాలు మైనస్ ఒకటి, కుడి పక్క ఒకటి, సున్నా ఎక్కడా లేదు. ఒక్క షరతు పోతే ఏమైతదో ఆ బొమ్మలో నాకే అర్థమైంది. ప్రతి షరతుకూ ఇట్లాంటి బొమ్మ ఒకటి వెతికి పెట్టుకోండి.

తెలుగు

షాపు పెట్టాక అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో తెలుగు ఎంఏ చేశాను. ఛందస్సు అంటే మొదట భయమేసింది. ఉత్పలమాల భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం. చంపకమాల న జ భ జ జ జ ర, యతి పదకొండు. ఇవి గోడకు అతికించి బట్టీ పట్టినా, కొత్త పద్యమిస్తే గురువు లఘువు పెట్టలేకపోయాను. అప్పుడు బస్సుల బోర్డుల మీద మొదలుపెట్టాను. నల్లగొండ: ద్విత్వాక్షరానికి ముందున్న న గురువు, ల్ల లఘువు, సున్నా ఉన్న గొం గురువు, డ లఘువు. రెండు హ గణాలు. పానగల్లు కూడా అదే. పాలమూరు కూడా అదే! మూడు ఊళ్లూ ఒకే నడక నడుస్తున్నాయని ఆ రోజు ఎంత సంతోషపడ్డానో. దేవరకొండ మాత్రం వేరు, భ గణం మీద హ గణం. నెల తిరిగేసరికి పద్యం చూస్తే గణాలు వాటంతటవే విడిపోయాయి. నోట్సులో లక్షణం రాసిన పేజీకి ఎదుటి పేజీ ఖాళీగా వదిలి, మీకు దొరికిన పేర్లు, సామెతలు అక్కడ విడగొట్టండి.

పద్యానికి తాత్పర్యం గైడులోంచి ఎక్కించొద్దు. మీ మాటల్లో మూడు లైన్లు చాలు.

పొలిటికల్ సైన్స్‌కు నేను చెప్పేది కొంచెమే. అధికరణ నంబరు పక్కన అది ఎప్పుడు, ఏ గొడవ వల్ల వచ్చిందో రాయండి. 371-డి అంటే 1973 నాటి 32వ సవరణ చట్టంతో వచ్చింది, ముల్కీ గొడవలు, ఆరు సూత్రాల పథకం దాని వెనక ఉన్నాయి, చదువుల్లో ఉద్యోగాల్లో స్థానికుల లెక్క అక్కడిదే. ఎకనామిక్స్‌కు రేఖాపటం మీద అడ్డం నిలువు గీతలకు పేర్లు పెట్టకుండా ఒక్క బొమ్మా వదలొద్దు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు

ఇంటర్ దాకా తెలుగులో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ మీడియంలో పడ్డ పిల్లలు నా షాపులో నిలబడి కళ్లలో నీళ్లు పెట్టుకోవడం చూశాను. వాళ్లకు నేను చెప్పేది: ముందు తెలుగులోనే రాయండి. అర్థమైంది అర్థమైన భాషలోనే నిలబడుతుంది. ఆ తర్వాత పరీక్షలో రాయాల్సిన పదాలు మాత్రం ఇంగ్లిష్‌లో, స్పెల్లింగుతో, పుస్తకం వెనక పేజీల్లో యూనిట్‌కు ఒక పట్టికగా పెట్టుకోండి. అంకణా అంటే ట్రయల్ బ్యాలెన్స్, అవకలనీయం అంటే డిఫరెన్షియబుల్, ఇట్లా. రోజుకు పది చాలు. 1968లో మొదలైన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలు మన లైబ్రరీల్లో ఇంకా ఉన్నాయి, పాతవైనా ఈ పదాల కోసం వాటిని తిరగెయ్యండి. మూడో సెమిస్టర్ వచ్చేసరికి ఆ పట్టిక అవసరం తగ్గడం చాలామందిలో చూశాను.

షాపుకు వచ్చేటప్పుడు

స్నేహితుల నోట్సు అసలే తీసుకోవద్దని నేననను. క్లాసుకు రాలేని రోజులుంటాయి, ఇంట్లో పత్తి ఏరే రోజులుంటాయి. తీసుకోండి, కానీ చదివిన ప్రతి పేజీలో మీకు అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టి, రాసినవాళ్లనే అడగండి. గీత ఒక్కటీ పడని పేజీ మీరు చదవని పేజీ. చిట్టీల కోసం మైక్రో జిరాక్స్ నేను తియ్యను, అడగొద్దు.

పేజీలకు నంబర్లు వేసుకొని రండి, ఫ్యాన్ గాలికి నాలుగు కాగితాలు ఎగిరితే వరస కలపడం మీకూ నాకూ కష్టమే. లేత నీలం పెన్ను, పెన్సిల్ రాత కాపీలో మసకబారతాయి, నల్ల పెన్ను మంచిది. స్పైరల్ వేయించేదుంటే ఎడమ పక్క అంగుళం వదలండి, లేకపోతే మీరు రాసిన ప్రశ్నల మీదనే చిల్లులు పడతాయి. ఫోన్‌లో ఫొటోలు తెచ్చేవాళ్లు పేజీకి నేరుగా పైనుంచి, నీడ పడకుండా తీయండి.

పోయేటప్పుడు మిషన్ మూత ఒకసారి లేపి చూసుకోండి, చివరి పేజీ అద్దం మీదనే మర్చిపోతారు. మొదటి పేజీలో పేరు, గ్రూపు, రోల్ నంబరు రాసి పెట్టుకోండి. పోయిన నవంబరు నుంచి నా సొరుగులో ఒక జువాలజీ లాంగ్‌బుక్ ఉంది. అట్ట మీద సెమ్ 3 అని ఉంది, అంతే. లోపల చాలా శ్రద్ధగా రాసిన నోట్సు, ఎడమ పక్క ప్రశ్నలతో సహా. ఎవరిదైతే వాళ్లు వచ్చి తీసుకుపోండి.